చిట్టెబ్బాయి బరువూ, పడవ మీది ఎర్రగీతా

"కళ్ళు మూయండర్రా! అబ్బాయి కళ్ళు మూయండి! సున్నుండలు వచ్చేస్తన్నాయి!"

అచ్చియ్యమ్మ పెట్టిన ఆ కేక దబ్బకాయలరేవు వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా వినపడింది. సగం మందికి 'కళ్ళు మూయండి' అన్నంత వరకే వినపడింది. అంతే, చిట్టెబ్బాయి పోయాడనుకున్నారు. చేతిలో పనులు వదిలేసి, భుజాన తువ్వాళ్ళేసుకుని, మొహాలు వేలాడేసుకుని పరుగెత్తుకొచ్చారు. దారిలోనే ఒకావిడ, "ఎంత మంచోడమ్మా, ఎన్నడూ ఎవర్నీ గదమాయించి ఎరగడు!" అని ముక్కు చీదేసింది కూడాను.

తీరా వచ్చి చూస్తే ఇంకేముంది! పోయినవాడు వీధి అరుగు మీద బాసింపట్టు వేసుకుని, గుండ్రంగా, నిండుగా, గాదెలా కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ అతని కళ్ళకి తువ్వాలు బిగించి కడుతోంది. బావమరిది బుల్లబ్బులు నెత్తిన సున్నుండల డబ్బాతో దర్జాగా ఇంట్లోకి నడుస్తున్నాడు. ఈ బుల్లబ్బులు ఎప్పుడో ఒక పండక్కని అక్కగారింటికి వచ్చి, ఎన్ని పండగలు వెళ్ళిపోయినా తను మాత్రం వెళ్ళనివాడు.

"ఇదేటమ్మా అచ్చియ్యమ్మా! బతికున్న మనిషికి ఈ గంతలేటి?" అని అడిగారు జనం, వచ్చిన ఏడుపుని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.

"బరువు తగ్గే వైద్యం" అంది అచ్చియ్యమ్మ. "మీకు తెలవదులే. ఇది తెలివున్న ఇళ్ళల్లోనే జరుగుద్ది."

అవును మరి. ఆ ఇంటి తెలివి గురించి ఆ ఇంట్లో ఎవర్నడిగినా చెప్తారు. వానాకాలంలో బావి తడిసిపోతుందని బావి మీద గొడుగు పట్టుకుని నిలబడిన మనిషి అచ్చియ్యమ్మ. కోడలు మంగతాయారు అంతకు తక్కువది కాదు. పాలు పొయ్యి మీదున్నాయి, చూస్తూ ఉండమని అత్తగారు చెప్తే, ఆ పాలు పొంగి, పొయ్యి ఆర్పి, వాకిట్లోకి పారేదాకా రెప్ప వేయకుండా చూసింది. "అంతా చూశానండి అత్తయ్యగారూ, ఒక్క చుక్క కూడా నన్ను తప్పించుకు పోలేదు" అని చెప్పింది కూడా. "అదృష్టవంతురాలివే, ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది!" అని అత్తగారు మెటికలు విరిచింది. అలాంటి ఇల్లు అది. ఊళ్ళో మిగతావాళ్ళకి బుర్రలు లేవు పాపం అని రోజుకోసారి జాలిపడకపోతే వాళ్ళకి అన్నం అరగదు.

ఇంతకీ చిట్టెబ్బాయి బరువు ఎందుకు తగ్గాలంటారా?

చిట్టెబ్బాయి రేవులో పడవ నడుపుతాడు. కాలవ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి గెడ వేసి జనాన్ని దాటించడం వాళ్ళ నాన్న నాటి నుంచీ వస్తున్న పని. పడవేమో పంచాయతీది, గెడ మాత్రం వాళ్ళ నాన్నది. తండ్రి చేతులు పట్టి పట్టి ఆ గెడ మీద నున్నగా అరిగిపోయిన చోటొకటి ఉంది. చిట్టెబ్బాయి చేతులు సరిగ్గా అక్కడే పడతాయి. చేతిలో అది ఉన్నంతసేపూ తనంత మొనగాడు లేడనుకుంటాడు. అది లేకపోతే తను ఎవడో అతనికే తెలీదు.

ఆ రేవులో ఒక ఆచారం ఉంది. ఏ ఆడపిల్ల సారె కాలవ దాటినా, ఆ బుట్టలోంచి పడవవాడికి ఒక పొట్లం కట్టి ఇవ్వాలి. ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ కరువేముంది? అరిసెలు, జంతికలు, మడత కాజాలు, మినపసున్ని. సారెలన్నీ కాలవ దాటాయి, పొట్లాలన్నీ చిట్టెబ్బాయి దగ్గర ఆగిపోయాయి. ఇచ్చినదాన్ని కాదంటే ఆడపిల్లకి మంచిది కాదని, ఊరి ఆడపిల్లల క్షేమం కోసం పాపం అన్నీ ఒక్కడే తిన్నాడు.

పడవ పక్కన ఒక ఎర్రగీత ఉంటుంది. నీళ్ళు ఆ గీత దాటితే పడవలో బరువు ఎక్కువైనట్టు లెక్క. ఈమధ్య చిట్టెబ్బాయి ఒక్కడూ వెనక కొసన నిలబడితే చాలు, ఆ కొస గీత మునిగిపోతోంది, ముందు కొస ఆకాశంలోకి చూస్తోంది. ప్రెసిడెంటు గారు ఓ పొద్దున్న వచ్చి అది చూశారు.

"చిట్టెబ్బాయీ, కార్తీకంలో జనం తోసుకుంటూ వస్తారు. వాళ్ళు ఎక్కాలా, నువ్వెక్కాలా? కార్తీకం మొదటి రోజున వచ్చి చూస్తాను. గీత పైన ఉందా, రేవు నీది. మునిగిందా, ఇదిగో ఈ గవర్రాజుది."

గవర్రాజు అవతలి ఒడ్డువాడు. కొబ్బరి ఈనెకి చొక్కా తొడిగినట్టుంటాడు. వాడు అప్పుడే గెడ మీద చెయ్యి వేసి, "బాగా పాతదండి, కొత్తది కొట్టిద్దాం" అన్నాడు. చిట్టెబ్బాయికి గుండెలో కలుక్కుమంది. ఆ పూట మూడో వాయి గారెలు ముట్టలేదంటే అర్థం చేసుకోండి ఎంత బాధపడ్డాడో.

అంతే, ఇంటిల్లిపాదీ బయల్దేరి బస్తీలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ చక్కగా చెప్పింది.

"మరేం భయం లేదు. ఈయనకి తినాలనిపించేవి కంటికి కనపడకూడదు. చేతికి అందకూడదు. అసలు అలాంటివి ఇంట్లోనే ఉండకూడదు. ఈయనకో వంట, మీకో వంట కాకుండా అందరూ కలిసి కూర్చుని తినండి. అంతే."

ఇన్ని మాటలు ఒక్కళ్ళు మోసుకెళ్తే దారిలో పడిపోవూ? తెలివైన వాళ్ళు కదా, పంచుకున్నారు. 'కంటికి కనపడకూడదు' అన్న మాట అచ్చియ్యమ్మకి. 'చేతికి అందకూడదు' మంగతాయారుకి. 'ఇంట్లో ఉండకూడదు' బుల్లబ్బులుకి. మిగిలిన ఆ చివరి మాట చిట్టెబ్బాయికి. ఎవరి మాట వాళ్ళు గొణుక్కుంటూ బస్సెక్కారు. కండక్టరు "ఎక్కడికమ్మా?" అంటే అచ్చియ్యమ్మ "కంటికి కనపడకూడదు" అంది. వాడు గతుక్కుమని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక పెద్దరికం ప్రకారం ముందు అచ్చియ్యమ్మ మాట అమల్లో పెట్టారు. ఆ కేకా ఆ గంతలూ అదే.

"అమ్మా, గంతలు సరే, పడవెలా నడపను?" అన్నాడు చిట్టెబ్బాయి.

"సారె బుట్టలు ఎక్కేది పడవలోనే కదరా! అక్కడే ముందు కట్టుకోవాలి. అయినా పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచీ చూస్తన్న కాలవ, నీకు కళ్ళెందుకు?"

నిజమే అనుకున్నాడు. గంతలతోనే గెడ వేశాడు. పడవ ఒడ్డు వదిలింది, కాలవ మధ్యలో తీరిగ్గా ఒక చుట్టు తిరిగింది, వచ్చి ఎక్కిన రేవులోనే ఆగింది. జనం దిగారు. "ఇదేటోయ్, ఈ ఊళ్ళో కూడా మనూరి టీ కొట్టు లాంటిదే ఉందే!" అని ఒకాయన లోపలికెళ్ళి టీ చెప్పాడు. కొట్టువాడు, "ఇందాకే కదండీ తాగెళ్ళారు" అన్నాడు. "అలాగా, మా తమ్ముడై ఉంటాడు" అని ఆయన ఇంకోటి తాగాడు. తెలివి ఆ ఒక్క ఇంటి సొత్తే కాదు లెండి.

ఇంట్లో మాత్రం వైద్యం జోరుగా సాగింది. ఒకటే చిక్కొచ్చింది. కంటికి ఏమీ కనపడదు, మరి ఏ డబ్బాలో తినకూడనిది ఉందో ఎలా తెలుస్తుంది? నిష్ఠగల మనిషి కదా, ప్రతి డబ్బాలోనూ చెయ్యి పెట్టి, ప్రతిదీ కొంచెం నోట్లో వేసుకుని, "ఇది అరిసె, ఇది నేను తినకూడదు. ఇది జంతిక, ఇదీ తినకూడదు" అని ఒక్కొక్కటే తేల్చుకున్నాడు. అనుమానం వచ్చినవాటిని మళ్ళీ తేల్చుకున్నాడు. ఇంకేముంది, తినకూడనివన్నీ తేలేసరికి డబ్బాలు కూడా తేలిపోయాయి.

మంగతాయారు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "అత్తయ్యగారూ, మీ మాట అయింది. ఇక నా మాట. చేతికి అందకూడదు."

"అయితే గంతలు విప్పేయనా?" అన్నాడు చిట్టెబ్బాయి ఆశగా.

"నేనొప్పుకోను!" అంది అచ్చియ్యమ్మ. "నా మాటకి విలువ లేదా?"

పెద్దావిడని నొప్పించకూడదు, కోడల్నీ చిన్నబుచ్చకూడదు. పంచుకున్నారు. ఎడమ కన్ను అత్తగారిది, గంత ఉంటుంది. కుడి కన్ను కోడలిది, తెరిచి ఉంటుంది. ఆ తర్వాత మంగతాయారు, ఇంట్లో ఉన్నంతసేపూ, మొగుడి చేతులు రెండూ వెనక్కి పెట్టి తువ్వాలుతో ముడేసింది. ఇంట్లో ఉన్న గారెలు, అరిసెలు, జంతికలు అన్నీ దారాలకి గుచ్చి దూలాలకి వేలాడదీసింది. ఎంత ఎత్తున? సరిగ్గా నోటి ఎత్తున.

"చేతికి అందకూడదన్నారు కానీ నోటికి అందకూడదని అన్లేదుగా! మనిషి పస్తులుంటే ఉసూరుమనడూ?" అంది.

"మా అక్క డాక్టరీ చదవాల్సింది" అన్నాడు బుల్లబ్బులు కళ్ళు తుడుచుకుంటూ.

చిట్టెబ్బాయి చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి, పందిట్లో దూడ తోరణాలు మేసినట్టు ఈ గదిలోంచి ఆ గదిలోకి మేసుకుంటూ పోయాడు. తప్పు చేస్తున్నానన్న దిగులు కూడా లేదు. చేతులు కట్టేసి ఉన్నాయి, తనేం చేస్తాడు? పక్కింటావిడ మజ్జిగ తోడుకని వచ్చి, నుదుటికి అరిసె తగిలి, కళ్ళలో జంతిక గుచ్చుకుని, తోడు లేకుండానే వెళ్ళిపోయింది.

మంగతాయారుకి మొగుడి మీద ప్రేమ ఎక్కువ. దారాలు ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ నింపేది. "తిననివ్వండి, చేత్తో కాదుగా!" అనేది.

కార్తీకం దగ్గర పడింది. చిట్టెబ్బాయి ఓ సాయంత్రం కట్లు విప్పించుకుని, పడవెక్కి చూసుకున్నాడు. గీత కాదు కదా, గీత పైన రాసిన పంచాయతీ పేరు కూడా నీళ్ళలోకి వెళ్ళింది. అవతలి ఒడ్డున గవర్రాజు కూర్చుని పచ్చి వెదురు గెడ చెక్కుకుంటూ, "అన్నోయ్, ఇంకొంచెం తింటే పడవక్కర్లేదు, నువ్వే అడ్డంగా పడుకో, జనం నీ మీంచి నడిచి దాటేస్తారు!" అని అరిచాడు.

చిట్టెబ్బాయి ఇంటికొచ్చి, తండ్రి గెడని గోడకి ఆనించి, దాని పక్కనే చతికిలపడ్డాడు. అరిగిన చోట వేలు పెట్టి రాస్తూ, "నాన్న గెడ పొయ్యిలోకేనర్రా ఇక" అన్నాడు.

"ఊరుకో బావా!" అన్నాడు బుల్లబ్బులు, గుండె మీద చరుచుకుంటూ. "అసలు మందు నా దగ్గరుంటే మీరంతా కొసరు మందులు వేశారు. నా మాటేంటి? ఇంట్లో ఉండకూడదు! ఉన్నదంతా బయటికి తీసేస్తే సరి."

అంతే, డబ్బాలన్నీ అరుగు మీదికి చేర్చాడు. అచ్చియ్యమ్మ వచ్చి, "అరుగు ఇల్లు కాదా? మీ మావయ్య అరుగు మీదే పడుకునేవోడు. ఇంట్లో లేడని ఎవరన్నా అన్నారా?" అంది. నిజమే. వీధిలో పెట్టాడు. కోళ్ళు వచ్చాయి. "వద్దురా తమ్ముడూ, కోళ్ళు లావైతే వాటికి మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తిరగాలి" అంది మంగతాయారు. అదీ నిజమే. ఇల్లు కాకూడదు, కోళ్ళు రాకూడదు. ఎక్కడ మరి?

బుల్లబ్బులు మొహం వెలిగిపోయింది. పడవ!

ఇంకేముంది, సున్నుండల డబ్బా, అరిసెల బుట్ట, బెల్లం దిమ్మలు, నూనె జాడీలు, ఆవకాయ బానలు, చివరికి గారెలు వేసే మూకుడు, రుబ్బిన పిండి, పొయ్యి, పుల్లలతో సహా అన్నీ పడవలోకి చేరిపోయాయి. ఇంట్లో మెతుకు లేదు. ఇల్లంతా నాకినట్టుంది. బుల్లబ్బులు చేతులు దులుపుకుని, "ఇక మా బావ ఇంట్లో ఎక్కడ వెతికినా ఏమీ దొరకదు" అన్నాడు. నిజంగానే దొరకదు. ఎందుకంటే బావ ఇంట్లో ఎక్కడుంటాడు, పొద్దస్తమానం పడవలోనే కదా!

కార్తీకం మొదటి రోజు రానే వచ్చింది. ప్రెసిడెంటు గారు వచ్చారు. వెనకాల కొత్త గెడ పట్టుకుని గవర్రాజు. ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. చిట్టెబ్బాయి ఇంకా పడవెక్కనేలేదు. ఎర్రగీత అప్పటికే నీళ్ళలో ఉంది.

"చూశారా అండీ!" అన్నాడు బుల్లబ్బులు వెలిగిపోతూ. "మా బావ ఎక్కకుండానే మునిగింది. అంటే తప్పు మా బావది కాదు."

"ఆ సామానేంటయ్యా? ముందది ఖాళీ చెయ్యండి" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఎక్కడ పెట్టమంటారండీ? ఇంట్లో ఉండకూడదు."

"గట్టు మీద పెట్టండి."

"కోళ్ళండీ" అంది మంగతాయారు, ఆ ఒక్క మాటతో అంతా తెలిసిపోవాలన్నట్టు.

ప్రెసిడెంటు గారు కోళ్ళ వంక చూశారు. గవర్రాజు కొత్త గెడని నేల మీద టకటకా కొట్టాడు. ఆ చప్పుడుకి చిట్టెబ్బాయి తండ్రి గెడని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు. ఆ భయంలో, ఇన్నాళ్ళూ ఎవరూ అడగని తన మాట తన్నుకుంటూ నోట్లోకి వచ్చేసింది.

"అందరూ కలిసి కూర్చుని తినండి!"

అందరూ అతని వంక తిరిగారు.

"అది నా మాటండీ. డాక్టరమ్మ నాకిచ్చింది. ఈ సామానుని ఇంట్లో పెట్టకూడదు, గట్టు మీద పెట్టకూడదు, పడవలో ఉంచకూడదు. తినేస్తే? ఇక ఎక్కడా ఉండదు కదండీ! పడవ తేలికైపోద్ది, గీత పైకొచ్చేస్తది!"

అచ్చియ్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నా కడుపున పుట్టినందుకు..." అని మాట పూర్తి చేయలేకపోయింది.

అంతే, నలుగురూ పడవెక్కి కూర్చుని మొదలుపెట్టారు. మంగతాయారు పొయ్యి రాజేసి గారెలు వేస్తోంది. బుల్లబ్బులు ఓ సున్నుండ నమలడం, పక్కకి వంగి గీత కోసం చూడడం. "రాలేదు బావా, ఇంకో అరిసె తిను." తిన్నాడు. "ఇంకా రాలేదు. బెల్లం బరువెక్కువ, ముందది తిను." అదీ తిన్నాడు. గీత బయటికి రాదే!

"మనం చాలం" అని తేల్చింది అచ్చియ్యమ్మ. "ఓయ్, చూస్తారేటి గట్టు మీద నిలబడి? ఊరి పడవ కాదా? వచ్చి తలో చెయ్యి వేయండి!"

వేడి గారెల వాసన గట్టెక్కింది. ఇంకేముంది, జనం ఒక్కొక్కరే దిగారు. టీ తాగిన పెద్దాయన దిగాడు, ముక్కు చీదినావిడ దిగింది, మజ్జిగ తోడు దొరకనావిడ దిగింది. పడవ అంచుకీ నీళ్ళకీ మధ్య బెత్తెడు జాగా మిగిలింది. "పట్టుదలగా తినండర్రా, మునుగుతోంది!" అని అరిచాడు బుల్లబ్బులు. అంతా గబగబా తిన్నారు. చివరికి ప్రెసిడెంటు గారు కూడా, "గీత దగ్గర్నుంచి చూస్తే కానీ తెలీదు" అని వచ్చి మూకుడు పక్కనే కూర్చున్నారు. గీత చూడ్డానికి కారం చట్నీ కూడా కావాల్సొచ్చింది ఆయనకి.

గట్టు మీద గవర్రాజు ఒక్కడే మిగిలాడు. పాపం, వాడిదీ నోరే కదా.

"నువ్వూ రావయ్యా గవర్రాజూ" అన్నారు ప్రెసిడెంటు గారు నోటినిండా గారెతో. "నువ్వెక్కితే పడవకి తెలీను కూడా తెలీదు."

గవర్రాజు ఎక్కాడు. ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టాడు.

పడవ మెల్లగా, మర్యాదగా, ఎవర్నీ తోసెయ్యకుండా కిందికి దిగిపోయింది. రేవు దగ్గర లోతెంతని? కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, నీళ్ళు గుండెల దాకా వచ్చి ఆగాయి. పొయ్యి బుస్సుమంది. గారెలు తేలాయి.

చిట్టెబ్బాయికి ఒళ్ళంతా దూదిలా అయిపోయింది. నేల మీద తనని ఎప్పుడూ కిందికి లాగే బరువేదో లేనే లేదు. "అమ్మా!" అన్నాడు ఆశ్చర్యంగా. "నేను తేలికైపోయానే! బరువంతా పోయింది!"

"పోదూ మరి? చెప్పినవన్నీ చేశాం కదరా!" అంది అచ్చియ్యమ్మ తేలుతున్న గారెనొకదాన్ని పట్టుకుంటూ.

అప్పుడు ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. అందరూ నమలడం ఆపి విన్నారు.

"నేను చూస్తూనే ఉన్నాను. చిట్టెబ్బాయి ఎక్కాడు, పడవ మునగలేదు. ఊరంతా ఎక్కింది, మునగలేదు. నేనెక్కాను, నా అంతటివాణ్ణి, మునగలేదు. గవర్రాజు కాలు పెట్టాడు, మునిగింది! ఇంత బరువున్న మనిషి చేతిలో రేవు పెడితే జనం ఏమైపోవాలి? రేవు చిట్టెబ్బాయిదే!"

"నేనా అండీ? నా ఒంట్లో ఎముకలు తప్ప..." అన్నాడు గవర్రాజు.

"అవే బరువు" అన్నాడు టీ తాగిన పెద్దాయన.

చిట్టెబ్బాయి తండ్రి గెడని నీళ్ళలోంచి పైకెత్తి, అరిగిన చోట చేతులు వేసి పట్టుకున్నాడు. అంతలో అతనికి గవర్రాజు మొహం కనపడింది. జాలేసింది పాపం. ఆ బాధ ఎలాంటిదో అతనికి తెలుసు కదా.

"దిగులు పడకు తమ్ముడూ. నాకు తగ్గలేదా? నీకూ తగ్గుద్ది. ఇలా వచ్చి అందరితో కూర్చో" అని పక్కకి జరిగి చోటిచ్చాడు.

గవర్రాజు కూర్చున్నాడు. బుల్లబ్బులు వాడి చేతులు వెనక్కి లాగి ముడేశాడు. మంగతాయారు నీళ్ళోడుతున్న గారె ఒకటి తీసి, నోటికి సరిగ్గా అందేటంత ఎత్తున పట్టుకుంది. అచ్చియ్యమ్మ భుజం మీది తడి తువ్వాలు తీసి పిండి, బారుగా చాపి, ఊరంతా వినపడేలా కేక పెట్టింది.

"కళ్ళు మూయండర్రా! ఈ అబ్బాయి కళ్ళు మూయండి! గారెలొచ్చేస్తన్నాయి!"